కొలువునకు పోవు ఆడపిల్ల బట్టలపెట్టె

మన యిండ్లలో పెండ్లియైన యే పిల్ల బీరువానైనను తెఱచి చూచినచో పట్టుచీరలు పదియో పండ్రెండో మడత నలుగక కనబడును. పెండ్లినాటివి కొన్ని, సీమంతమునాటివి కొన్ని, ఒడిబియ్యముతో వచ్చినవి కొన్ని. వానిక్రింద చుట్టపక్కములు పెట్టిన సిల్కుచీరలును జాకెట్టుముక్కలును దొంతరలుగా నుండును. అట్టి బీరువా యెదుట ఉదయము ఆఱుగంటలకు నిలిచి ఆ పిల్ల, "ఈ దినము ఆఫీసుకు కట్టుకొని పోవుటకు ఒక్కటియు లేదే" యని చింతించినచో అత్తగారికి నవ్వు వచ్చును, లేక కోపము వచ్చును. మేమందుము, పిల్ల పలికినది సత్యమే. ఆ బీరువాలో నున్నవి నలుగురు చూచుటకు కొన్నవి. పనిచేయుటకు కొన్నవి కావు.

ఈ మాసమున మేము ముచ్చటింప నెంచినది దినదినమును ఊరు విడిచి కొలువునకు పోయివచ్చు యువతుల బట్టలను గూర్చి. ఇది సింగారమునకు సంబంధించిన సంగతి యని కొందఱు పుట త్రిప్పివేయుదురేమో! అట్లు చేయవలదని మనవి. బట్టలు సరిపడక, బస్సులో నలిగి, ఇంట మాటలుపడి, ఆఱునెలలు తిరుగకముందే "ఈ ఉద్యోగము నాకెందులకు?" అని నిట్టూర్చు పిల్లలు కలరు. రేయింబవళ్లు చదివి పరీక్ష నెగ్గి తెచ్చుకొన్న కొలువుపై ఒక లంగాబొందు మూలమునను, ఒక చున్నీ మూలమునను విసుగు పుట్టుట కూడదు గదా!

నంద్యాల జిల్లాలోని మిడుతూరును చూడుడు. అది పెద్ద పట్టణము కాదు, మండలకేంద్రము. చుట్టును నల్లరేగడి పొలములు. ఇట్టి యూళ్లలోని కచేరీలందును బడులందును ఆరోగ్యకేంద్రములందును పనిచేయు పిల్లలలో పలువురు అచ్చటనే కాపురముండరు. భర్త ఉద్యోగమో, పిల్లల చదువో, అత్తమామల యిల్లో నందికొట్కూరునందో కర్నూలునందో నంద్యాలయందో ఉండును. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు ప్రారంభమైనప్పుడు రాష్ట్రమున లక్షకు మించిన కొలువులు ఒక్కమాఱుగా నేర్పడెను. వానిలో చేరినవారిలో ఒంటరిగా పొరుగూరికి పోవుట యదియే మొదలైన యువతు లెందఱో! 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లా వెలసి మిడుతూరు దానిలో చేరినది. అంతవఱకు కర్నూలు ముఖముగా నడచిన జిల్లాకచేరీ పనులు నంద్యాల ముఖమునకు తిరిగినవి. దారి మాఱినదే గాని ప్రయాణము తప్పలేదు. 2025 ఆగస్టు 15వ తేదీనుండి స్త్రీశక్తి పథకముక్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలైన బస్సులలో రాష్ట్రపు స్త్రీలకు చార్జీ లేకుండ చేసిరి. చేతిలో నాలుగు రూకలు మిగులుట నిజమే. కాని పొద్దుటి బస్సులో సీటు దొరకుట గగనకుసుమమైనది. నిలుచుండి పోవుటకు సిద్ధపడియే బయలుదేరవలెను.

కావున ఉద్యోగినిబట్టను అద్దము నెదుట గాక బస్సులో పరీక్షింపవలెనని మా మతము. ఒక చేత మీది కమ్మీ పట్టుకొనవలెను, రెండవ చేత సంచియుండును. కొంగు సవరించుకొనుటకు మూడవచేయి లేదు. బస్సు దిగినపిమ్మట ఆటోలో ఒదిగి కూర్చుండవలెను, లేదా నడువవలెను. సర్వే పనియైనచో పొలముగట్లపై తిరుగవలెను, నర్సు పనియైనచో ఇల్లిల్లు తిరుగవలెను. ఇవి తీరినపిమ్మట అదే బట్టతో అధికారి యెదుట కూర్చుండి లెక్కలు చెప్పవలెను. సాయంకాలము మరల అదే బస్సు. ఈ పండ్రెండు పదమూడు గంటలు శరీరమునకు భారము కాకయు మనస్సునకు కొఱత తోపకయు ఉండు బట్టయే మంచి బట్ట.

మఱి ఎండను గూర్చి వేఱుగ చెప్పవలయునా? వేసవిలో రాష్ట్రమున మిక్కిలి యెండగాయు తావులలో నంద్యాల పేరు తఱచుగా వినబడును. నలుబది డిగ్రీలు దాటిన యెండలో రేకు కాలుచున్న బస్సులో పాలిస్టరుచీర కట్టి నిలుచుండుట యెట్టిదో అనుభవించినవారికే తెలియును. వానకాలమున మఱియొక శిక్ష. రేగడిబురద చెప్పునకు పట్టి, చెప్పునుండి కుచ్చిళ్లకు ప్రాకి, మోకాలివఱకు వచ్చును. ఎఱ్ఱనేల బురదవలె దులిపిన రాలిపోవునది కాదు, జిగటగా పట్టుకొని కూర్చుండును.

ఇక చీరయా, పంజాబీ దుస్తులా యను వివాదము. ఇది యిండ్లలో నెంత పొగ రగిల్చుచున్నదో మేమెఱుగుదుము. "పాపా, చీర గట్టకుండా పోతే నలుగురూ ఏమనుకుంటారు?" అని అత్తగా రందురు. "అత్తా, బస్సులో ఆ నలుగురూ నా కొంగు తొక్కుతుంటే నేనేమనుకోవాల?" అని కోడలు మనస్సులో ననుకొనును. పైకి అనదు.

పెద్దలు సంప్రదాయము మాట యెత్తుదురు గనుక సంప్రదాయమునే విచారింతము. నేడు మనము కట్టుచున్న చీరకట్టు అనాదిగా వచ్చినదని పలువురు తలంతురు. లోపల లంగా, పైని జాకెట్టు, ముందు కుచ్చిళ్లు, ఎడమభుజముపై కొంగు నుండు ఈ తీరు దేశమంతట వ్యాపించుటకు వంగదేశపు ఠాకూరుల యింటి కోడలు జ్ఞానదానందినీదేవి ముఖ్యకారకురాలని చెప్పుదురు. ఆమె భర్త సత్యేంద్రనాథ ఠాకూరు ఐ.సి.ఎస్.లో చేరిన తొలి భారతీయుడు. 1864లో ఆయనతో ఆమె బొంబాయికి ప్రయాణమైనప్పుడు, లోపల మఱియొక వస్త్రము లేక ఒంటిచీర చుట్టుకొను నాటి వంగస్త్రీల కట్టుబడి ఇంటిలోపలికే గాని బయటికి పనికిరాదయ్యెను. బొంబాయిలో పార్సీ స్త్రీల కట్టు చూచి, దానిని కొంత మార్చి, కుడిచేయి పనికి తెఱపిగా నుండునట్లు కొంగు నెడమభుజముపై వేసికొనెను. ఆ కట్టును నేర్పెదనని 1871లో బామాబోధినీ పత్రికలో ప్రకటనయు చేసెను. అనగా నేడు మనము సంప్రదాయమని పట్టుకొని కూర్చున్న కట్టు ఒక యిల్లాలు ప్రయాణము చేయవలసివచ్చి దిద్దుకొన్నది. ఆమెకు తగినట్లు ఆమె మార్చుకొన్నప్పుడు, పల్లెవెలుగు బస్సెక్కు పిల్ల తనకు తగినట్లు మార్చుకొన్న తప్పేమి?

అంతదూరము పోనేల? మన పొలములలో నాటువేయు స్త్రీలను చూడుడు. మడిలో దిగునప్పుడు చీరను మోకాళ్లపైకి ఎగగట్టి, చెఱగును నడుమున బిగించి దోపుకొందురు. దాని నెవ్వరును తప్పుపట్టరు. పనికి తగిన కట్టు అందురు. ఆ మర్యాదయే కలము పట్టు పిల్లకును చెల్లవలెను.

కేరళ రాష్ట్రమున ఉపాధ్యాయినులు చీరయే కట్టవలెనని కొన్ని విద్యాలయములు నిర్బంధింపగా, 2021 నవంబరులో అచ్చటి ఉన్నత విద్యాశాఖ, తమకు సౌకర్యమైన మర్యాదగల దుస్తు లేదైనను ధరింపవచ్చుననియు, చీరకై బలవంతము చేయరాదనియు ఉత్తరువు వెలువరించెను. మా అభిప్రాయమును ఇంచుమించుగా నదియే. నిత్యము బస్సు, స్కూటరు ఎక్కిదిగువారికి మోకాలు దాటిన కుర్తాయు వదులైన పైజామాయు క్షేమము. పెద్ద అధికారులు తనిఖీకి వచ్చు దినము, బడిలో పండుగనాడు, సభలున్ననాడు చీర కట్టవలెనని పిల్లకే ముచ్చట పుట్టును. ఆ ముచ్చటను ఆమెకే వదలివేయుడు. చీరయందే సుఖమున్నదను వారును కలరు. వారిని చుడీదారు తొడుగుమని వేధించుటయు తగదు. పల్లెలో ముసలివారు చీరకట్టిన నర్సమ్మ చెప్పినమాటకు త్వరగా చెవియొగ్గుదురని కొందఱందురు. అది కొంత నిజము కావచ్చును. కాని ఆ ముసలివారికే మందు చేతికి వచ్చి నొప్పి తగ్గినపిమ్మట నర్సమ్మ యేమి తొడిగినదో జ్ఞప్తియుండదు.

గుడ్డ సంగతికి వత్తము. నూలుబట్టకు సాటిలేదు. చెమటను పీల్చుకొని గాలికి ఆర్చును, ఆ ఆరుటలోనే ఒడలు చల్లబడును. 1941లో ఇంగ్లండునందు కనిపెట్టిన టెరిలీను మొదలుకొని నేటి పాలిస్టరు రకములన్నియు ఒక జాతివి. నలుగవు, త్వరగా ఆఱును, చౌక. కాని చెమటను పీల్చుకొనవు, అది ఒంటిమీదనే నిలిచి చీదర పుట్టించును. నూలును పాలిస్టరును కలిపి నేసిన గుడ్డ కొంత మధ్యస్థము. వానకాలమున పైజామాకు అదియే మేలు, ఏలయన రాత్రి ఉతికినచో తెల్లవాఱునప్పటికి ఆఱును. రేయానను గుడ్డ కొయ్యగుజ్జునుండి తీసిన దారముతో నేసినది. మెత్తగా, చల్లగా ఉండును, చూచుటకు ముచ్చటగొల్పును. కాని దానికొక గుణము కలదు. నూలుగుడ్డ తడిసినచో గట్టిపడును, రేయాను తడిసినచో బలహీనపడును. కావున బండపై బాదరాదు, గట్టిగా పిండరాదు. అంగడివాడు ఈ సంగతి చెప్పడు. రెండు ఉతుకులకు కుట్లు విడిపోయినపిమ్మట దర్జీని తిట్టుదుము.

పత్తి మన సీమకు క్రొత్తది కాదు. ఆదోని పత్తిసంత రాష్ట్రమంతట పేరుపడినది. నంద్యాల వ్యవసాయ పరిశోధనాస్థానమున రూపొందిన నరసింహ యను పత్తివంగడమును రైతులందఱు నెఱుగుదురు. పత్తి ఏరువారు స్త్రీలే. ఆ పత్తి యెక్కడనో దారమై గుడ్డయై మరల మనయొద్దకు వచ్చునప్పుడు, దానిని కాదని సూరతునుండి వచ్చిన ప్లాస్టిక్కు మెఱుపునకు ఆశపడుట మాకు సరిపడదు. మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరునందు చేనేతవారి సహకార సంఘమును స్థాపించి ఎందఱో సాలెకుటుంబముల కన్నము పెట్టిరి. వారికి 1954లో పద్మశ్రీ బిరుదు లభించెను. చేనేత అనగానే పెండ్లిచీరలే తలపునకు రాగూడదు. మంగళగిరి చీర యొడలిపై పువ్వులు లతలు లేకుండ సాదాగా నుండి, సన్నని జరీయంచుతో ఆఫీసునకు తగినంత గంభీరముగా నుండును. కుర్తాలకును మంగళగిరి గుడ్డ చక్కగా నప్పును. గద్వాలచీర నూలుఒడలికి పట్టుఅంచు కలిపి నేసినది. ఇది అందమైనదే కాని నిత్యము బస్సున కట్టుటకు మేము చెప్పము. పట్టు అంచునకు ఉతుకు ఒకతీరు, నూలుకు ఒకతీరు. పండుగకు, సభకు ఒకటియున్న చాలును.

ఎన్ని బట్టలు కావలెనని యడుగుదురు. వారమున కాఱు పనిదినములు గల పిల్లకు ఆఱు జతలు, వానచిక్కులకు మఱి రెండు, మొత్తము ఎనిమిది. అందులో మూడు చీరలు, ఐదు కుర్తాజతలు అనుకొందము. ఇవన్నియు ఒక్కనాడు కొనవలదు. మొదటి జీతము చేతికి రాగానే ఇంటికి స్వీట్లు, అమ్మకు చీర, తమ్మునికి గడియారము కొని తనకు ఒక పైజామాయైన కొనుకొనని పిల్లలను మనము ఉత్తమురాండ్రని మెచ్చుకొందుము. ఆ మెచ్చుకోలు ఖర్చు లేనిది గనుక చేయుచున్నాము. మొదటినెలలో రెండు జతలు, తరువాతి మూడునెలలలో రెండేసి జతలు, ఇట్లు నాలుగునెలలలో పెట్టె నిండును. ఒక ధర్మవరపు పట్టుచీర వెలలో ఇవన్నియు వచ్చి ఇంకను మిగులును. పెండ్లికి పది పట్టుచీరలు పెట్టువారు ఎనిమిది పెట్టి, ఆ రెండింటి సొమ్మును పిల్లచేతికిచ్చి "కొలువుబట్టలు కొనుక్కోమ్మా" అనుట మా దృష్టిలో గొప్ప సారె.

రంగులు ఎన్నుకొనునప్పుడు ఒక యుక్తి. పైజామాలు మూడే రంగులలో, నలుపు, ముదురునీలి, గోధుమవన్నెలలో, ఉండనిండు. వానితో ఏ కుర్తాయైన కలియును. తెల్లపైజామా రేగడిసీమలో కొన్ననాడే చూచుకొనవలసినది. పైగుడ్డలు మాత్రము ఎండకాలమునకు లేతరంగులలో ఉండవలెను. జాకెట్టులును అంతే. ఒక్కొక్క చీరకు ఒక్కొక్కటి కుట్టించి మ్యాచింగు అంగళ్ల చుట్టును తిరుగుటకంటె నలుపు, మెరూను, మీగడరంగు ఈ మూడును చక్కని నూలుగుడ్డతో కుట్టించినచో అన్ని చీరలకు చెల్లును. చంకక్రింద నాలుగువేళ్ల గుడ్డ లోపల మిగిల్చి కుట్టుమని దర్జీకి చెప్పవలెను. కమ్మీ పట్టుకొనుటకు చేయి పైకెత్తినప్పుడు పిగలునది అచ్చోటనే. జాకెట్టు తొడిగిచూచునప్పుడు దర్జీయొద్ద చేయి పైకెత్తి చూచుట నేర్చుకొనుడు. చేతులు క్రిందికి వ్రేలవేసి చూచినచో ఏ జాకెట్టైనను సరిపోవును!

లంగాబొందును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. సన్నని త్రాడును నడుమునకు కోసికొనిపోవునట్లు బిగించుట మన అలవాటు. సాయంకాలము విప్పినప్పుడు నల్లని చాఱ, దురద, కొందఱికి ఒఱపు కనబడును. ఏండ్లతరబడి అట్లు ఒరసికొని పుండుపడి, ఆ పుండు మానక చివరకు చర్మపు క్యాన్సరుగా తేలిన యిద్దఱు పెద్దవయస్సు స్త్రీల వృత్తాంతమును 2024లో మన దేశపు వార్ధా, మధుబని వైద్యులు బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించిరి. ఇది చాల అరుదు, భయపడవలసినది లేదు. కాని త్రాటిబదులు మూడువ్రేళ్ల వెడల్పుగల గుడ్డపట్టీ కుట్టించుట ఎంతటి పని? చీర బరువు పట్టీపై పఱచుకొనును, ఒకచోట కోయదు. ఒకేచోట గాక దినమునకొక యంగుళము మీదకో క్రిందికో కట్టవలెను. మానని పుండున్నచో నూనె రాచి ఊరకుండక డాక్టరునకు చూపవలెను.

ఇక జేబు. మా దృష్టిలో ఉద్యోగిని వస్త్రమున కెల్ల ముఖ్యమైనది జేబు. అదియే మన దర్జీలు మఱచునది. మన అవ్వలు మనకంటె తెలివిగలవారు. వక్కాకుతిత్తి నడుమున దోపుకొని, దానిలోనే డబ్బు, తాళపుచెవి, సున్నపుకాయ దాచుకొనిరి. నేటి పిల్ల ఫోనును చేతబట్టుకొని, చార్జీలేని టిక్కెట్టుకై ఆధారుకార్డును పండ్లసందున కఱచుకొని, సంచిని భుజమున వ్రేలవేసికొని బస్సెక్కుచున్నది. కుర్తాకు కుడిప్రక్క కుట్టులో జేబు పెట్టించుడు. నోరు జానెడు, లోతు అఱచేయి మణికట్టువఱకు మునుగునంత ఉండవలెను. ఫోను బరువునకు గుడ్డ సాగకుండ జేబు నోటికి లోపల పట్టీ వేయవలెను. చీరకైనచో లంగాకు కుడితొడవద్ద లోజేబు కుట్టించి, దానికి జిప్పు పెట్టించవచ్చును. నెలజీతపు సొమ్ము తెచ్చుకొనుదినమున అంతకంటె భద్రమైన తావు లేదు. కుట్టుకూలి కొంచెము హెచ్చడుగుదురు, ఇయ్యుడు.

స్కూటరుపై పోవువారికి చున్నీ శత్రువు. చక్రములో చిక్కుకొని మెడకు బిగిసి ప్రాణాపాయము కలిగిన సంగతులు వార్తాపత్రికలలో చదువుచునే యున్నాము. చున్నీ వేసికొనక తప్పదనుకొన్నచో దానిని భుజములపైనుండి తెచ్చి నడుమున ముడివేయవలెను, లేదా రెండుప్రక్కల పిన్నీసులు పెట్టవలెను. చున్నీబదులు పైకి పొట్టికోటు తొడుగువారిని మేము మెచ్చుకొందుము. 1989 నాటి కేంద్ర మోటారువాహన నియమములలో 123వ నియమము ప్రకారము వెనుక కూర్చుండువారి బట్టలు చిక్కుకొనకుండ బండి వెనుకచక్రమున సగమునకు తక్కువ కాకుండ కప్పు ఉండవలెను. అందము చెడునని దానిని ఊడబెఱికించు మగవారున్నారు. అన్నదమ్ములైనను భర్తయైనను దానిని మరల బిగింపించుకొని రమ్మనుడు. వెనుక కూర్చుండు స్త్రీకిని హెల్మెటు విధియే. నడినెత్తిని కొప్పు పెట్టినచో హెల్మెటు దిగదు గనుక మెడదగ్గఱ జడ వేసికొనవలెను.

చెప్పులు తక్కువగా మాట్లాడుకొను విషయము. మడమ ఎత్తైనవి వలదు, వెనుక పట్టీ లేనివి వలదు. బస్సు మెట్లపైనుండి జాఱుట వానివలననే. వానకాలమునకు కడిగిన ఆఱిపోవు రబ్బరుజోళ్లు ఒకజత, తక్కినకాలమునకు తోలువి ఒకజత చాలును. ఆఫీసులో ఒక బల్లక్రింద ఎండిన జత నుంచుకొన్నవారు సుఖపడుదురు.

కొందఱు పత్రికలో వ్రాయవలసినదా యని ముఖము ముడుచుకొందురు గాని వ్రాయకతప్పని మాట యొకటి కలదు. బయట మూత్రశాల సరిగా నుండదను భయముచే పిల్లలు పొద్దుటినుండి సాయంకాలమువఱకు నీరు త్రాగకుందురు. ఈ సీమ యెండలో అది వడదెబ్బకును మూత్రవ్యాధులకును దారి. బట్ట దీనికి కొంత సాయము చేయగలదు. ఒడలికి అతుకుకొను లెగ్గింగులకంటె వదులైన పైజామా, బొందుముడికంటె మెత్తని ఎలాస్టిక్కు ఇరుకైన తావులందు సులభము. నెలసరి దినములలో క్రిందిభాగము ముదురురంగుగా, కొంత అచ్చుబొమ్మలతో నున్న బట్టలు ధరించినచో మనస్సు నిశ్చింతగా నుండును. సంచి అడుగున చిన్నగుడ్డసంచిలో కావలసినవియు ఒక పైజామాయు ఎల్లప్పుడు ఉండవలెను. ఆ దినములలో పిల్ల సెలవుపెట్టక పోయివచ్చుచున్నదన్నచో ఇంటిలో తల్లియో అత్తయో ఆమెను విచారించి, రాగానే వేడినీళ్లు పెట్టియుంచుట మంచిది. చెప్పవలసిన పనిలేకుండ చేయు గృహిణులును పెక్కుమంది యున్నారని మాకు తెలియును.

నూలుబట్ట కట్టుమంటిరి, దానిని ఉతికి గంజిపెట్టి ఇస్త్రీచేయువా రెవరు? ఈ ప్రశ్న న్యాయమైనది. పాలిస్టరు మన యిండ్లలోనికి వచ్చినది అందముచే కాదు, స్త్రీకి తీరిక లేకపోవుటచే. గంజి విషయమున మేము చెప్పునది, వేసవిలో చిక్కనిగంజి వలదు. అది నేత సందులు పూడ్చి గాలి నాపును. పలుచని అన్నపుగంజి ఒకపాలు, నీరు నాలుగుపాళ్లు చాలును. నీడలో ఆఱవేసి, పూర్తిగా ఆఱకముందే చేతితో సాగదీసి మడిచి పరుపుక్రింద పెట్టినచో సగము ఇస్త్రీ యైపోవును. రేగడిబురద పట్టినచో తడిగా నున్నప్పుడు రుద్దవలదు, ఇంకను లోపలికి పోవును. ఆఱనిచ్చి, బ్రష్షుతో దులిపి, చల్లనినీటిలో జాడించి, ఆమీదట సబ్బుపెట్టవలెను. చెమటబట్టను మాత్రము కుప్పవేయక ఆ రాత్రియే నీటిలో జాడించవలెను.

ఆదివారమున ఉద్యోగిని తన వారపు బట్టలన్నియు ఒంటరిగా ఉతికి ఇస్త్రీచేసికొని, వంటచేసి, సోమవారము మరల ఆఱుగంటలకు లేచుట జరుగుచునే యున్నది. ఆమె భర్తయు కొలువుచేయువాడే. వాని చొక్కాలు ఎవరు ఇస్త్రీచేయుదురో మేము అడుగము. ఇస్త్రీపెట్టె మగవాని చేతిలో మఱింత బరువెక్కదని మాత్రము అత్తగార్లకు మనవిచేయుచున్నాము. కొడుకునకు చెప్పదగినవారు మీరే.

కడపట, రాత్రి ప్రయాణములు. శిక్షణతరగతులకును సమావేశములకును విజయవాడకో గుంటూరునకో పోవలసివచ్చినప్పుడు మిడుతూరు పిల్లలకు నంద్యాలలో రైలెక్కుట యొక దారి. గిద్దలూరు, కంభము, మార్కాపురము, దొనకొండ, నరసరావుపేటలమీదుగా ఆ బండి పోవును. నల్లమలను దాటునప్పుడు మార్గశిర, పుష్యమాసములలో కిటికీసందునుండి చలి కోయును. ఎండసీమవారమని తలచి శాలువా లేక బయలుదేరినవారు తెల్లవార్లు ముడుచుకొని కూర్చుండి, మఱునాడు తరగతిలో కునికిపాట్లు పడుదురు. సంచిలో ఒక మందపు శాలువా పెట్టుడు. పఱచుకొనుటకు, కప్పుకొనుటకు, తలగడకు అదియే చాలును. రైలులో వదులైన ముదురురంగు కుర్తాజత, మఱునాటికి ఒక నలుగని జత, తిరిగివచ్చునప్పటికి రైలుజతయే. ఇంతకుమించి పెట్టవలదు. మూడుచీరలు పెట్టుకొని పోయి రెండు విప్పకయే తెచ్చుట సంచిమోయు భుజమునకు తెలిసిన కథ. మఱునాటిజతను మడతపెట్టక చాపవలె చుట్టిపెట్టినచో ముడుతలు తక్కువ. జాకెట్టును లోపలిభాగము పైకి తిప్పి చీరమధ్యన పెట్టి చుట్టవలెను. పిన్నీసులు ఆఱు, సూదిదారము, రెండు గుండీలు ఒక చిన్నడబ్బాలో వేసి లంగా లోజేబునందు కాక సంచి పైయరలో ఉంచుడు. దిగవలసిన స్టేషను వచ్చునప్పుడు చీకటిలో వెదకునవి అవియే.